గేటు ఎంత ఎత్తున ఉండాలి? సింధు ఒప్పందం చుట్టూ తెగని భాష్యాలు

సంక్షిప్తంగా

భారత్, పాకిస్థాన్ 1960లో కుదుర్చుకున్న సింధు జలాల ఒప్పందంలో ఏ నది ఎవరిదన్న విషయంపై పేచీ లేదు. పాకిస్థాన్‌కు కేటాయించిన మూడు నదుల మీద భారత్ ఎలాంటి విద్యుత్ కేంద్రాలు కట్టుకోవచ్చన్న చోట అర్థాలు వేరుపడ్డాయి. 2007లో ఒక తటస్థ నిపుణుడు, 2013లో ఒక మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ షరతులకు పొంతన లేని భాష్యాలు చెప్పారు. 2016 నుంచి తగాదాను ఎవరి ముందు పెట్టాలన్నదే మరో తగాదా అయింది. 2025 ఏప్రిల్‌లో ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్లు భారత్ ప్రకటించాక, అసలది అమల్లో ఉందా లేదా అన్న ప్రశ్నకూ రెండు దేశాలు చెరొక జవాబు చెబుతున్నాయి.

టీఎంసీల గొడవ కాదు

రెండు ప్రభుత్వాలు నీళ్ల కోసం తగవు పడుతున్నాయంటే ముందుగా తట్టేది వాటాల లెక్క. ఎవరికెన్ని టీఎంసీలు, ఎవరు ఎక్కువ తోడుకున్నారు, ఎవరి ఆయకట్టు ఎండింది అని అడుగుతాం. కృష్ణా తగాదాలను దశాబ్దాలుగా చూస్తున్న తెలుగు పాఠకులకు ఈ ఊహ మరీ సహజం. సింధు ఒప్పందంపై సాగిన వాదనలను తిరగేస్తే మాత్రం కనిపించే ప్రశ్నలు వేరు. ఆనకట్టలో మిగులు నీటిని వదిలే స్పిల్‌వే గేటు అడుగు మట్టం ఎంత ఉండాలి? టర్బైన్‌కు నీరు తీసే ద్వారాన్ని మూడు మీటర్లు పైకి జరపవచ్చా? ఆనకట్ట అడుగున తూము పెట్టడం అవసరమా, సౌకర్యమా? అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య రగులుతున్న వివాదం ఒక ఇంజినీరింగ్ కళాశాల ప్రశ్నపత్రంలా కనిపించడం వింతగానే ఉంటుంది. అయితే ఈ ప్రశ్నల్లో ప్రతిదాని వెనుకా ఒకే భయం, ఒకే అవసరం ఉన్నాయి. అవి అర్థం కావాలంటే ఒప్పందం ఏ పద్ధతిలో పుట్టిందో చూడాలి.

నదులను పంచారు, నీటిని కాదు

1947 విభజన రేఖ పంజాబ్ కాలువల వ్యవస్థను అడ్డంగా కోసింది. కాలువల తలుపులు ఒక దేశంలో, వాటి కింద సాగయ్యే పొలాలు మరో దేశంలో మిగిలాయి. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ప్రభుత్వం అప్పర్ బారీ దోఆబ్, దీపాల్‌పూర్ కాలువలకు నీరు ఆపివేసింది. మే 4న ఢిల్లీలో కుదిరిన తాత్కాలిక ఒడంబడికతో ఆ చిక్కు విడిపోయింది. కానీ ఆ కొద్ది వారాల జ్ఞాపకం పాకిస్థాన్ జలవిధానంలో నేటికీ చెరగలేదు. ఎగువ దేశం ఏం చేస్తుందో అన్నదానికంటే ఏం చేయగలదో అన్న లెక్కతోనే అక్కడి ఇంజినీర్లు ప్రతి డిజైన్‌నూ చదువుతారు.

అమెరికాలోని టెన్నెసీ వ్యాలీ అథారిటీకి ఒకప్పటి అధిపతి డేవిడ్ లిలియంతాల్ 1951లో ఈ ప్రాంతమంతా తిరిగి, సింధు పరీవాహకాన్ని రెండు దేశాలూ ఒకే యూనిట్‌గా అభివృద్ధి చేసుకోవాలని సూచించారు. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ ఆలోచనను అందిపుచ్చుకున్నారు. మూడేళ్ల చర్చల్లో తేలింది ఏమిటంటే, ఉమ్మడి నిర్వహణకు కావలసిన నమ్మకం ఇరుపక్షాల దగ్గరా లేదు. దాంతో 1954లో బ్యాంకు మరో ప్రతిపాదన పెట్టింది: నదులనే విడగొట్టుకోండి. నమ్మకం లేని అన్నదమ్ములకు పెద్దమనుషులు ఉమ్మడి బావి మోట వంతులు చెప్పకుండా, చెరొక బావి రాసిచ్చినట్లు.

1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ ఒప్పందంపై సంతకాలు చేశారు. కొన్ని నిర్దిష్ట నిబంధనల మేరకు ప్రపంచ బ్యాంకు కూడా సంతకం పెట్టింది. తూర్పు నదులైన రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు వచ్చాయి. పశ్చిమ నదులైన సింధు, జీలం, చీనాబ్ పాకిస్థాన్‌కు వెళ్లాయి. తూర్పు నదుల సగటు వార్షిక ప్రవాహం సుమారు 3.3 కోట్ల ఎకరా అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 1,440 టీఎంసీలు. పశ్చిమ నదులది సుమారు 13.5 కోట్ల ఎకరా అడుగులు, దాదాపు 5,880 టీఎంసీలు. తూర్పు నదుల మీద ఆధారపడిన కాలువలకు పాకిస్థాన్ పశ్చిమ నదుల నుంచి నీరు మళ్లించుకునే పనుల కోసం భారత్ 6.2 కోట్ల పౌండ్లు పది వాయిదాల్లో చెల్లించింది.

పంపకం ఇక్కడితో ఆగి ఉంటే ఇన్ని చిక్కులు ఉండేవి కావు. పశ్చిమ నదులు పాకిస్థాన్ చేరకముందు జమ్మూకశ్మీర్ గుండా పారతాయి. అక్కడి జనానికి తాగునీరు, సాగునీరు, కరెంటు కావాలి. అందుకే ఒప్పందం మూడో అధికరణ ఒక చేత్తో పశ్చిమ నదుల నీటినంతా ‘పారనివ్వాలి’ అని భారత్‌ను కట్టడి చేసి, మరో చేత్తో కొన్ని మినహాయింపులు ఇచ్చింది. మొత్తం సుమారు 13.4 లక్షల ఎకరాల సాగు, 36 లక్షల ఎకరా అడుగుల నిల్వ, షరతులకు లోబడి జలవిద్యుత్. ఈ నిల్వ పరిమితి టీఎంసీల్లో 157. పూడిక పేరుకుని కుంచించుకుపోయిన మన శ్రీశైలం జలాశయం ఒక్కటే ఇప్పుడు 215 టీఎంసీలు పట్టుకుంటుంది. అంటే మూడు హిమాలయ నదుల మీద కలిపి భారత్‌కు దక్కిన నిల్వ హక్కు ఒక్క శ్రీశైలంపాటి కూడా లేదు. దానిలోనూ చాలా భాగాన్ని భారత్ ఇప్పటిదాకా వాడుకోలేదు. జమ్మూకశ్మీర్ శాసనసభ 2002లో ఒప్పందాన్ని సమీక్షించాలని కోరడం వెనుక ఉన్నది ఈ అసంతృప్తే.

ఆరు గంటలు, రెండున్నర రోజులు

అసలు పేచీ మినహాయింపుల్లోని మూడోదానిపై, అంటే జలవిద్యుత్తుపై. ‘అనుబంధం డి’ ప్రకారం భారత్ పశ్చిమ నదుల మీద రన్ ఆఫ్ ది రివర్ కేంద్రాలు కట్టుకోవచ్చు. నదిని ఆపి పెద్ద జలాశయం నింపే పద్ధతి కాకుండా, పారుతున్న నీటినే టర్బైన్ల గుండా పంపి మళ్లీ నదిలో వదిలే పద్ధతి ఇది. నీరు ఖర్చు కాదు. అయినా కొంత నీటిని కొన్ని గంటలపాటు పట్టి ఉంచక తప్పదు, ఎందుకంటే కరెంటు గిరాకీ పొద్దంతా ఒకేలా ఉండదు. ఇలా పట్టి ఉంచే నీటిని ‘పాండేజ్’ అంటారు. దినసరి, వారపు గిరాకీలోని హెచ్చుతగ్గులకు సరిపడినంత మాత్రమే పాండేజ్ ఉండాలని ఒప్పందం చెబుతుంది.

దిగువ దేశానికి ఇందులో భయపడవలసింది ఏముంది? చీనాబ్ మీది బగ్లిహార్‌ను తీసుకుంటే, దాని పాండేజ్ సుమారు 1.15 టీఎంసీ. వానాకాలంలో చీనాబ్‌లో 55,000 క్యూసెక్కులు పారుతుంటే ఆ గుంట ఆరు గంటల లోపే నిండిపోతుంది. దిగువన ఎవరికీ పట్టింపు ఉండదు. అదే ప్రవాహం చలికాలంలో అందులో పదో వంతుకు పడిపోతే, ఆ గుంట నిండడానికి దాదాపు రెండున్నర రోజులు కావాలి. ఒకటి కాక వరుసగా అరడజను కేంద్రాలు ఉంటే? అవన్నీ ఒకేసారి తలుపులు మూస్తే? పాకిస్థాన్ పంజాబ్‌లో గోధుమకు మొదటి తడి ఇచ్చే రోజుల్లో, అక్కడ చీనాబ్ నీటిని కాలువలకు మళ్లించే మరాలా హెడ్‌వర్క్స్ దగ్గర నది సన్నగిల్లుతుంది. ఏడాది మొత్తం లెక్కలో ఒక్క చుక్క తగ్గకపోయినా ఆ వారానికి నష్టం నష్టమే. అందుకే ఏడు రోజుల్లో వచ్చిన నీటిని అదే ఏడు రోజుల్లో వదిలెయ్యాలనీ, ఒక్కొక్క రోజుకూ విడిగా హద్దులు పాటించాలనీ ఒప్పందం శాసించింది. చీనాబ్ మీద కొత్త జలాశయాన్ని మొదటిసారి నింపేది జూన్ 21 నుంచి ఆగస్టు 31 లోపే అని, ఆ సమయంలోనూ మరాలా ఎగువన ప్రవాహం 55,000 క్యూసెక్కులకు తగ్గకూడదని కూడా రాసింది.

ఈ నియమాలు నడపడానికి సంబంధించినవి. పాకిస్థాన్ పట్టు ఇంకొక అడుగు ముందుంది. నియమం రేపు ఉల్లంఘించవచ్చు, కాంక్రీటు ఉల్లంఘించలేదు. కాబట్టి నీటిని ఇష్టానుసారం పట్టి వదిలే సామర్థ్యమే కట్టడంలో లేకుండా చూడాలి. అనుబంధం డిలోని ఎనిమిదో పేరా రాసింది ఈ లక్ష్యంతోనే. డెడ్ స్టోరేజ్ (విద్యుత్తుకు వాడకుండా అడుగున ఉండిపోయే నీరు) మట్టానికి దిగువన తూములు ఉండకూడదు, పూడిక నియంత్రణకో మరో సాంకేతిక ప్రయోజనానికో అవసరమైతే తప్ప. ఉంటే అవి వీలైనంత చిన్నవిగా, వీలైనంత ఎత్తున ఉండాలి. గేట్లున్న స్పిల్‌వే స్థలపరిస్థితులను బట్టి అవసరమైతేనే పెట్టాలి, దాని గేట్ల అడుగు కూడా వీలైనంత ఎత్తునే ఉండాలి. ఇంత కట్టుదిట్టంగా రాసి, ప్రతి వాక్యం చివర ఒక తోక తగిలించారు: ‘పటిష్ఠమైన, పొదుపైన డిజైన్‌కు అనుగుణంగా’.

ఆ తోక దగ్గరే రెండు దేశాలూ విడిపోయాయి. పాకిస్థాన్ చదివేటప్పుడు ‘వీలైనంత ఎత్తున’ అన్న మాట మీద ఊనిక పడుతుంది. భారత్ చదివేటప్పుడు ‘పటిష్ఠమైన, పొదుపైన’ అన్న మాటల మీద పడుతుంది. అప్పట్లో ఇరుపక్షాలూ సంతకం పెట్టగలిగింది ఆ వాక్యం రెండు విధాలా చదవడానికి వీలుగా ఉండటం వల్లనే కావచ్చు.

పూడిక మోసుకొచ్చే నది

భారత్ వాదనకు బలం నదుల స్వభావంలో ఉంది. హిమాలయాలు వయసులో చిన్నవి, మట్టి వదులు. చీనాబ్ నీటితోపాటు ఇసుక, ఒండ్రు, గులకరాళ్లు మోసుకొస్తుంది. అడుగు తూములు లేని ఆనకట్ట వెనుక అదంతా పేరుకుపోతుంది. దీని ఫలితం తెలుగువారికి కొత్త కాదు. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215కు దిగింది. దక్కన్ పీఠభూమి మీద పారే కృష్ణమ్మే ఇంత పూడిక తెస్తే చీనాబ్ సంగతి చెప్పనక్కరలేదు.

రియాసీ దగ్గరి సలాల్ కేంద్రం దీనికి ఉదాహరణ. పాకిస్థాన్ అభ్యంతరాలతో ఏళ్లపాటు చర్చలు జరిగి 1978లో ఒక ప్రత్యేక ఒడంబడిక కుదిరింది. స్పిల్‌వే గేట్ల నిలువు కొలత తగ్గించడానికి, అడుగు తూములను శాశ్వతంగా మూసివేయడానికి భారత్ ఒప్పుకుంది. అప్పట్లో దాన్ని ఇరుగుపొరుగు సయోధ్యకు ఆనవాలుగా చెప్పుకున్నారు. కేంద్రం నడవడం మొదలైన కొన్నేళ్లకే జలాశయం దాదాపు పూడికతో నిండిపోయింది. భారత ఇంజినీర్లకు సలాల్ ఒక గుణపాఠం: ఇంకెప్పుడూ అడుగు తూములు వదులుకోకూడదు. పాకిస్థాన్ ఇంజినీర్లకూ సలాల్ ఒక పాఠమే: పట్టుబడితే భారత్ డిజైన్ మారుస్తుంది. ఒకే ఆనకట్ట నుంచి ఇద్దరూ నేర్చుకున్న ఈ రెండు పాఠాలు తర్వాతి వివాదాల్లో ఢీకొన్నాయి.

బగ్లిహార్: నిపుణుడి మాట

సలాల్‌కు ఎగువన 900 మెగావాట్ల బగ్లిహార్ కేంద్రం డిజైన్‌లో గేట్ల స్పిల్‌వే, అడుగు తూములు రెండూ ఉన్నాయి. పాకిస్థాన్ 2005లో తటస్థ నిపుణుడిని కోరింది. ప్రపంచ బ్యాంకు స్విట్జర్లాండ్ ఇంజినీర్ రేమండ్ లఫీట్‌ను నియమించింది. 2007 ఫిబ్రవరి 12న వచ్చిన ఆయన నిర్ణయాన్ని చూసి ఇరుపక్షాలూ గెలిచామనే చెప్పుకున్నాయి. పాకిస్థాన్‌కు దక్కినవి చూడటానికి బాగానే ఉన్నాయి. ఆనకట్ట పైభాగాన్ని ఒకటిన్నర మీటరు తగ్గించాలి, నీరు తీసే ద్వారాన్ని మూడు మీటర్లు పైకి జరపాలి, పాండేజ్‌ను 3.75 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 3.256 కోట్లకు కుదించాలి. టీఎంసీల్లో చెబితే 1.32 నుంచి 1.15కు.

సూత్రం దగ్గర మాత్రం గెలుపు భారత్‌దే. గేట్ల స్పిల్‌వే అవసరమేనని, పూడికను బయటికి పంపే అడుగు తూములు ఉండవలసినవేనని లఫీట్ తేల్చారు. ఒప్పందాన్ని 1960 నాటి పరిజ్ఞానంతో కాకుండా నేటి సాంకేతిక ప్రమాణాల వెలుగులో చదవాలన్నది ఆయన పద్ధతి. ఆయన ఇంజినీరు కాబట్టి ‘పటిష్ఠమైన డిజైన్ ఏది’ అన్న ప్రశ్నను ఇంజినీరులాగే అడిగారు. పాకిస్థాన్‌లో ఈ తీర్పు మీద రేగిన అసంతృప్తి తర్వాతి దశాబ్దపు ఎత్తుగడలను చాలావరకు నిర్ణయించింది. ఇకపై ప్రశ్నను ఇంజినీరు ముందు కాకుండా న్యాయవేత్తల ముందు పెట్టాలన్న ఆలోచన అక్కడ బలపడింది.

కిషన్‌గంగ: న్యాయవేత్తల మాట

జీలంకు ఉపనది అయిన కిషన్‌గంగను పాకిస్థాన్ వైపు నీలం అంటారు. దాని నీటిని గురేజ్ దగ్గర మళ్లించి, ఇరవై కిలోమీటర్లకు పైబడిన సొరంగం గుండా వులర్ సరస్సు వైపు పంపి 330 మెగావాట్లు తీయాలన్నది భారత్ పథకం. ఆ నీరు చివరికి జీలంలోనే కలుస్తుంది, కానీ వేరే దారిన. దిగువన అదే నది మీద పాకిస్థాన్ 969 మెగావాట్ల నీలం-జీలం కేంద్రం తలపెట్టింది.

ఇక్కడ వివాదమంతా ఒక చిన్న మాట మీద తిరిగింది. ఒక ఉపనది నీటిని మరొక ఉపనదిలోకి వదలవచ్చు, అయితే ‘అప్పటికి ఉన్న’ పాకిస్థాన్ వినియోగానికి హాని జరగకూడదు అని ఒప్పందం అంటుంది. ఎప్పటికి? ప్రాజెక్టు తలపెట్టిన నాటికి ఉన్న వినియోగమే లెక్క అని భారత్ అంది. ఆ మాట గడియారపు ముల్లులా ఎప్పటికప్పుడు కదులుతుందని, కొత్తగా వచ్చిన వినియోగమూ అందులోకి వస్తుందని పాకిస్థాన్ అంది. మొదటి భాష్యం ప్రకారం ముందు లేచినవాడిదే నీరు. రెండో భాష్యం ప్రకారం కట్టి నడుపుతున్న కేంద్రం కూడా ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

స్టీఫెన్ ష్వెబెల్ అధ్యక్షతన ఏర్పడిన మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2013 ఫిబ్రవరి 18న పాక్షిక తీర్పు ఇచ్చింది. భారత్ పథకం ఉద్దేశంతో ఆగకుండా పనుల దాకా ముందుగా వచ్చిందని చెప్పి మళ్లింపును అనుమతించింది. ఆ ఏడాది డిసెంబర్ 20న ఇచ్చిన తుది తీర్పులో, నది ఎండిపోకుండా దిగువకు సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్లు, అంటే సుమారు 318 క్యూసెక్కులు వదలాలని షరతు పెట్టింది. ఒప్పందంలో పర్యావరణ ప్రవాహం అన్న ఊసే లేదు. న్యాయస్థానం దాన్ని 1960 తర్వాత పెరిగిన అంతర్జాతీయ న్యాయం నుంచి తెచ్చింది.

భారత్‌కు మళ్లింపు దక్కినా, దాని కంటే విలువైనది చేజారింది. నీటి మట్టాన్ని డెడ్ స్టోరేజ్ కంటే కిందికి దించి పూడికను ఊడ్చేసే పద్ధతి ఊహించని అత్యవసర పరిస్థితుల్లో తప్ప చెల్లదని న్యాయస్థానం తేల్చింది. ఇది కిషన్‌గంగకూ, ఇకముందు కట్టబోయే కేంద్రాలకూ వర్తిస్తుందని చెప్పింది. లఫీట్ నిర్ణయం బగ్లిహార్ వరకే పరిమితమని కూడా అంది. పూడిక తీసే తూము పెట్టుకోవచ్చన్నది ఒక తీర్పు. ఆ తూమును తెరవడానికి మట్టం అంతగా దించకూడదన్నది ఇంకొక తీర్పు.

తుల్‌బుల్

వులర్ సరస్సు నోటి దగ్గర భారత్ 1984లో మొదలుపెట్టిన చిన్న కట్టడం కథ కూడా ఇలాంటిదే. చలికాలంలో పడవలు నడిచేలా నీటిని నియంత్రిస్తున్నాం, నౌకాయానానికి ఒప్పందం అనుమతి ఉంది అని భారత్ అంటుంది. పేరు ఏదైనా అది నిల్వే అని పాకిస్థాన్ అంటుంది. అక్కడ ఆగే నీరు సుమారు 3 లక్షల ఎకరా అడుగులు, జీలం ప్రధాన నది మీద అనుమతించిన నిల్వ దానిలో చిన్న పిసరు మాత్రమే. భారత్ దాన్ని తుల్‌బుల్ నౌకాయాన పథకం అని, పాకిస్థాన్ వులర్ బ్యారేజీ అని పిలుస్తాయి. పేర్లలోనే రెండు భాష్యాలూ ఉన్నాయి. 1987లో పని ఆగిపోయింది.

తీర్చే పెద్ద ఎవరు?

అర్థభేదాలు వస్తాయని ఒప్పందం రాసినవారికి తెలుసు. అందుకే తొమ్మిదో అధికరణలో మెట్లు కట్టారు. సందేహం వస్తే దాన్ని ‘ప్రశ్న’ అంటారు, ఇరుదేశాల కమిషనర్లు ఉండే శాశ్వత సింధు కమిషన్ దాన్ని చూస్తుంది. అక్కడ తెగకపోతే అది ‘భేదం’ అవుతుంది, అనుబంధం ఎఫ్‌లో పేర్కొన్న సాంకేతిక అంశమైతే తటస్థ నిపుణుడి దగ్గరకు వెళ్తుంది. ఆ కోవలోకి రాకపోతే, లేదా నిపుణుడే తన పరిధి కాదంటే అది ‘వివాదం’ అయి మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్తుంది. మెట్లు ఎక్కవలసింది ఒకదాని తర్వాత ఒకటా, ఏ మెట్టు మీదికైనా నేరుగా దూకవచ్చా? ఈ ప్రశ్నకు సూటి జవాబు రాసి పెట్టలేదు.

చీనాబ్ మీద కిష్ట్వార్ దగ్గరి 850 మెగావాట్ల రాత్లే కేంద్రం, కిషన్‌గంగ డిజైన్‌లోని మిగిలిన అంశాలు కలిపి ఈ లోపాన్ని బయటపెట్టాయి. పాకిస్థాన్ 2015లో తటస్థ నిపుణుడిని కోరి, 2016లో ఆ విజ్ఞప్తిని వెనక్కి తీసుకుని న్యాయస్థానం కావాలంది. భారత్ నిపుణుడే కావాలంది. నియామకాలు మాత్రమే తన పనిగా ఉన్న ప్రపంచ బ్యాంకు ఎటూ తేల్చుకోలేక 2016 డిసెంబర్‌లో రెండింటినీ ఆపింది. 2022 అక్టోబర్‌లో రెండింటినీ నియమించింది. తటస్థ నిపుణుడిగా మిషెల్ లీనో, న్యాయస్థాన అధ్యక్షుడిగా షాన్ మర్ఫీ వచ్చారు. ఒకే తగాదాకు రెండు విచారణలు సమాంతరంగా నడిస్తే రెండు రకాల తీర్పులు వచ్చే ప్రమాదం ఉందని బ్యాంకే అంతకుముందు హెచ్చరించింది.

ఆ తర్వాత జరిగినవన్నీ ఊహించదగినవే. న్యాయస్థానం 2023 జులైలో తనకు అధికారం ఉందని ప్రకటించుకుంది. అది చట్టవిరుద్ధంగా ఏర్పడిందంటూ భారత్ విచారణకు వెళ్లనేలేదు. తటస్థ నిపుణుడు 2025 జనవరిలో తన ముందున్న ఏడు అంశాలూ తన పరిధిలోవేనని తేల్చారు, భారత్ దాన్ని స్వాగతించింది. ఇంతకూ రాత్లేలో పాండేజ్ గురించిన తేడా ఎంత? భారత్ 2.4 కోట్ల ఘనపు మీటర్లు కావాలంటే పాకిస్థాన్ 80 లక్షలు చాలంటోంది. అర టీఎంసీకి కాస్త ఎక్కువ.

మన దగ్గరి పోలిక ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 89వ సెక్షన్ కింద కృష్ణా నీటిని మళ్లీ పంచవలసింది నాలుగు రాష్ట్రాల మధ్యా, ఏపీ, తెలంగాణల మధ్య మాత్రమేనా అన్న భాష్యభేదం వచ్చింది. రెండింటి మధ్యే అని 2016లో బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ తేల్చింది. ఆ జవాబు నచ్చనివారు ఉన్నారు. కానీ ట్రిబ్యునల్ అన్నదే చెల్లదని వాదిస్తే వినడానికి పైన సుప్రీంకోర్టు ఉంది. భారత్, పాకిస్థాన్‌ల మీద అలాంటి పైకోర్టు లేదు. అంతర్జాతీయ న్యాయస్థానం అధికారాన్ని భారత్ అంగీకరించినప్పుడే కామన్వెల్త్ సభ్యదేశాలతో వచ్చే తగాదాలను మినహాయించుకుంది, పాకిస్థాన్ కామన్వెల్త్ సభ్యదేశమే.

‘అబేయన్స్’ అంటే ఏమిటి?

2023 జనవరిలో, మళ్లీ 2024 ఆగస్టులో ఒప్పందాన్ని సవరించాలని భారత్ నోటీసులు ఇచ్చింది. పన్నెండో అధికరణ సవరణకు దారి చూపుతుంది, అయితే ఇరుపక్షాలూ అంగీకరించి ధ్రువీకరించిన కొత్త ఒప్పందం ద్వారానే. రద్దుకూ అదే షరతు. ఒక దేశం తనంతట తాను బయటికి నడిచే తలుపు అందులో లేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మరునాడు భారత్ ఒప్పందాన్ని ‘అబేయన్స్’లో, అంటే అమలు చేయకుండా పక్కన ఉంచుతున్నట్లు ప్రకటించింది. సరిహద్దు దాటి వచ్చే ఉగ్రవాదానికి పాకిస్థాన్ మద్దతు మానే వరకు ఇది కొనసాగుతుందని చెప్పింది. ‘అబేయన్స్’ అన్న మాట సింధు ఒప్పందంలో లేదు. ఒప్పందాలకు సంబంధించిన 1969 నాటి వియన్నా ఒడంబడికలోనూ లేదు, అక్కడ ఉన్నవి సస్పెన్షన్, రద్దు. ఎంచుకున్న పదం ఇలా రెండింటికీ చెందకపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. రద్దు అంటే పన్నెండో అధికరణ అడ్డొస్తుంది. సస్పెన్షన్ అంటే దానికి న్యాయపరమైన ఆధారం చూపాలి.

భారత్ చూపుతున్న కారణాలు రెండు రకాలు. జనాభా పెరుగుదల, స్వచ్ఛ ఇంధన అవసరాలు వంటి పరిస్థితుల మార్పు ఒకటి. ‘సద్భావన, స్నేహ భావంతో’ చేసుకున్నట్లు పీఠికలోనే రాసుకున్న ఒప్పందం ఉగ్రవాదం మధ్య నిలవదన్న వాదన మరొకటి. ఏకపక్షంగా నిలపడానికి ఒప్పందంలో చోటే లేదని పాకిస్థాన్ జవాబు. నీటిని మళ్లిస్తే యుద్ధచర్యగా పరిగణిస్తామని కూడా అది ప్రకటించింది. మూలపరిస్థితులు మారితే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చన్న సూత్రం వియన్నా ఒడంబడిక 62వ అధికరణలో ఉంది. భారత్ ఆ ఒడంబడికలో చేరలేదు, పాకిస్థాన్ 1970లో సంతకం చేసి ధ్రువీకరించలేదు. అయినా అందులోని చాలా సూత్రాలు ఆనవాయితీ న్యాయంగా చెల్లుతాయి.

ఆ సూత్రాన్ని నది ఒప్పందం మీద ప్రయోగించిన ప్రసిద్ధ కేసు డాన్యూబ్‌ది. 1977లో చెకోస్లోవేకియాతో కుదిరిన ఆనకట్టల ఒప్పందం నుంచి, రాజకీయ వ్యవస్థ, పర్యావరణ జ్ఞానం మారాయంటూ హంగరీ 1989లో పనులు ఆపి 1992లో తప్పుకుంది. 1997లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ వాదన చెల్లదంది. అవతలిపక్షం ఏకపక్షంగా నదిని మళ్లించడం కూడా తప్పేనని అంది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోమంది. ఒప్పందాలను విడిచిపోవడానికి న్యాయస్థానాలు పెట్టే గీత ఎంత పైన ఉంటుందో ఇది చెబుతుంది. అయితే ఆ కేసులో ఉగ్రవాదం లేదు. పోలిక అంతవరకే.

మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2025 జూన్‌లో, అబేయన్స్ వల్ల తన అధికారం పోదని ప్రకటించింది. ఆగస్టు 8న డిజైన్ షరతులకు సాధారణ భాష్యం చెబుతూ మరో తీర్పు ఇచ్చింది. నీటిని పారనివ్వడం మూలనియమం, విద్యుత్ కేంద్రాలు మినహాయింపు, ఆ మినహాయింపును ఒప్పందం గీసిన హద్దుల్లోనే చదవాలి తప్ప ఆదర్శ ఇంజినీరింగ్ పద్ధతి ఏమిటన్నది కొలబద్ద కాదు అని దాని సారం. లఫీట్ 2007లో నిలబడిన చోటుకు ఇది సరిగ్గా ఎదురుగా ఉంది. జూన్, ఆగస్టు తీర్పులు రెండింటినీ భారత్ తోసిపుచ్చింది.

నది మీద మారేది ఏమిటి

పాకిస్థాన్‌కు నీరు పూర్తిగా ఆగిపోతుందన్న ప్రచారానికీ, ఏమీ మారలేదన్న ప్రచారానికీ ఆధారం తక్కువే. ఏటా వేల టీఎంసీలు పారే నదులను ఆపడానికి తగిన జలాశయాలు గానీ, మళ్లించడానికి తగిన కాలువలు గానీ భారత్ దగ్గర ఇప్పుడు లేవు. వాటిని కొండల్లో కట్టడానికి సంవత్సరాలు కాదు, దశాబ్దాలు పడుతుంది. మారేది ముందుగా సమయం, సమాచారం. 2025 మే మొదట్లో బగ్లిహార్, సలాల్ జలాశయాల్లో పూడిక తొలగించే పని జరిగినట్లు వార్తలొచ్చాయి. ఒప్పందం కేటాయించిన వానాకాలపు గడువుకు బయట జరిగిన పని ఇది. కమిషన్ సమావేశాలు, ప్రవాహ గణాంకాల మార్పిడి ఆగాయి. కొత్త డిజైన్లను ముందుగా పంపి అభ్యంతరాల కోసం వేచి ఉండే ఆనవాయితీ కూడా నిలిచింది. చీనాబ్ మీది మిగిలిన ప్రాజెక్టులకు ఇది పెద్ద వెసులుబాటు.

పొరుగున ఉన్న మరో ఒప్పందం కూడా త్వరలో పరీక్షకు వస్తుంది. బంగ్లాదేశ్‌తో 1996 డిసెంబర్‌లో కుదిరిన గంగా జలాల ఒప్పందం గడువు ముప్పై ఏళ్లు. దాని నిర్మాణం సింధు ఒప్పందానికి తలకిందులు. అక్కడ పంచింది నదులను కాదు, ఫరక్కా దగ్గర జనవరి నుంచి మే దాకా పారే నీటిని. ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరిసగం. గడువు 2026తో తీరుతుంది. గడువే లేని ఒప్పందం అమల్లో ఉందో లేదో తెలియని స్థితిలో ఉండగా, గడువున్న దాన్ని తిరగరాసే బల్ల దగ్గర ఢాకా ప్రతినిధులు ఏ మాటలకు ఎంత భద్రత కోరతారన్నది ఆసక్తికరం.

2025 ఆగస్టు చివర్లో జమ్మూలో తావి నది పొంగింది. వరద ముప్పు ఉందని భారత్ పాకిస్థాన్‌కు ముందుగా తెలిపింది. అయితే ఆ కబురు సింధు కమిషనర్ నుంచి వెళ్లలేదు. మానవతా దృష్టితో అంటూ ఇస్లామాబాద్‌లోని భారత హైకమిషన్ ద్వారా వెళ్లింది. పాకిస్థాన్ ఆ సమాచారంతో దిగువ గ్రామాలను హెచ్చరించింది. దాంతోపాటే, అది ఒప్పందం చెప్పిన దారిన రాలేదని అభ్యంతరమూ తెలిపింది.